దుసూఖీకి తప్ప అందరికీ

దుమ్యాత్ పట్నంలో కుర్చీలు చెక్కే దుసూఖీకి మూడు రోజులుగా దవడపన్ను ప్రాణం తోడేస్తోంది. పీకించుకుంటానంటే భార్య సనియ్యా ఒప్పుకోదు. లవంగం పెట్టుకో, పుక్కిలించు అని ఒకటే పోరు. నాలుగో రోజు ఆమె మాట పెడచెవిని పెట్టి పళ్ల డాక్టరు రావియా దగ్గరికి నడిచాడు. సనియ్యా వెంటపడి వచ్చి బయట బెంచీ మీద కూలబడింది.

చిగుళ్లు చూసిన రావియా చెయ్యి ఆగింది. ముట్టుకుంటేనే నెత్తురు. కళ్లు చూస్తే పచ్చగా ఉన్నాయి.

"హాజీగారూ, లివరు జబ్బేమైనా ఉందా?"

"నాకా? గుండ్రాయిలా ఉన్నాను తల్లీ. మా ఆవిడ ఇచ్చే విటమిను బిళ్లలు తప్ప ఏ మందూ ఎరగను."

జేబులోంచి సీసా తీసిచ్చాడు. దాని మీది కాగితాన్ని ఎవరో శుభ్రంగా గోకి పారేశారు. రావియా ఆయన నోట్లో దూది పెట్టి, ఒక బిళ్ల తిప్పి చూసి అదేం మందో పోల్చుకుని, తలుపు తీసి సనియ్యాను లోపలికి పిలిచింది.

"నిజం చెప్పమ్మా. పన్ను పీకితే ఈయనకి నెత్తురు ఆగుతుందా?"

"పీకొద్దు డాక్టరమ్మా. లివరు గట్టిపడిపోయిందన్నారు. నాలుగేళ్లయింది. ఆయనకి తెలీదు."

ఆయన అక్కడే, నోట్లో దూదితో పడుకుని ఉన్నాడు. దూది ఊసేసి లేచి కూర్చున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాలుగేళ్లా? నొప్పి బిళ్ల అడిగితే మందుల షాపు నాజీ లేదు పొమ్మన్నది ఇందుకా? వాణ్ణి నడిబజార్లో దొంగ అన్నానే. పండక్కి ఉప్పుచేప నా పళ్లెంలోంచి లాగేస్తే పిసినారిదానా అని నీ పుట్టింటిదాకా తిట్టానే. పడ్డావు గానీ ఒక్క ముక్క చెప్పలేదు."

"మీ అన్న శాబాన్‌కి జబ్బు సంగతి డాక్టర్లు చెప్పేశారు. గోడవైపు తిరిగి పడుకుని నలభై రోజుల్లో పోయాడు. నువ్వూ అలాగే పోతావని నోరు కట్టేసుకున్నాను."

"పోతే పోయాడు. మా చెల్లెల్ని పిలిపించి పదేళ్ల తగువు తీర్చుకుని మరీ పోయాడు. నాకా పాటి వ్యవధి కూడా ఇవ్వరా మీరు? ఇంకెవరికి తెలుసు?"

"అందరికీ."

"మనవరాలికి?"

సనియ్యా తల దించుకుంది. రోజూ పొద్దున్నే నీళ్ల గ్లాసు తెచ్చి, విటమిను వేసుకో తాతా అని ముద్దుగా అడిగేది ఆ పిల్లే.

"ఆరేళ్ల పిల్లకి అబద్ధం నేర్పారు. నా ఒంటి సంగతి పాలవాడికి తెలుసు, పసిదానికి తెలుసు. ఒళ్లు మోస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే వెధవని."

రావియా గొంతు సవరించుకుని, సనియ్యా భుజం పట్టి తలుపు వారకు తీసుకెళ్లింది. రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించాలని, లివరు డాక్టరు చీటీ కావాలని, పన్ను ఆస్పత్రిలోనే పీకాలని గుసగుసగా చెప్పసాగింది. పదిహేనేళ్లుగా ఆమె ఇలాంటి సంగతులు చెప్పింది ఇంటివాళ్లకే.

దుసూఖీ స్టూలు ఈడ్చుకొచ్చి ఇద్దరి మధ్యా వేసుకుని కూర్చున్నాడు.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు డాక్టరమ్మా, నాకు వినపడేలా. నేనెన్నాళ్లు బతుకుతానో, ముందు అది చెప్పు."

రావియా అతని వైపు చూడలేదు. చెప్పమంటావా అన్నట్టు సనియ్యా ముఖంలోకి చూసింది.