ఫినాయిల్ తాగిన డ్రమ్ము

నేను ఒక ప్లాస్టిక్ డ్రమ్మును. హైదరాబాదు శివార్లలో పుట్టి, విజయవాడలో ఒక అప్పడాల కార్ఖానాకు నూనె మోసి, జిడ్డోడుతూ పాత సామాన్ల కొట్టుకు చేరాను. అక్కణ్ణుంచి ఇరుకు సందులోని ఒక పిల్లల బడివాళ్లు నన్ను తెచ్చుకున్నారు. ఒంటినిండా చిల్లులు పొడిచి, పచ్చరంగు పూసి, కళ్లూ మూతీ గీసి, ‘నేలతల్లికి అన్నం పెడదాం’ అని పొట్టమీద రాయించారు. పేడ, ఎండుటాకులు వేసి, పిల్లల టిఫిన్ డబ్బాల్లో మిగిలినవీ తొక్కలూ నాలో వెయ్యాలన్నారు. పెద్దల మాట నమ్మడం పిల్లల జబ్బు కదా, వేశారు.

అందరికన్నా ఎక్కువ నమ్మింది మూడో తరగతి సువార్త. కాలువగట్టున తవ్వి, ఊరగాయ సీసాలో వానపాములు తెచ్చి నాలో వదిలింది. రోజూ మూత తీసి, “అన్నం తిన్నారా?” అని అడిగేది. కొన్నాళ్లకు నా కడుపులో నల్లటి మట్టి తయారైంది. తొలకరి పడిన నేల వాసన వచ్చేది. నూనె మోసిన బతుకుకు అంతకన్నా గౌరవం ఏముంటుంది?

ఇంతలో పచ్చదనం పోటీకి కమిటీ వస్తోందని కబురొచ్చింది. ముందురోజు సాయంత్రం ప్రిన్సిపల్ వసుంధర మేడమ్ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నా దగ్గరకొచ్చింది.

“కోటమ్మా, రేపటికి ఇది కంపు కొట్టకూడదు. ఖాళీచేసి ఫినాయిల్‌తో కడిగెయ్.”

“అందులో పురుగులున్నయ్యి మేడంగారూ. ఆ సువార్త పాప పెంచుకుంటంది,” అంది ఆయా.

“పురుగులా! ఛీ! అయితే ఇంకాస్త ఎక్కువ పొయ్యి.”

ఆ మట్టంతా మురిక్కాలువ పాలయింది. అడుగునా అంచులకూ అంటుకున్న వానపాములు ఫినాయిల్‌లో మెలికలు తిరిగి తెల్లగా పాలిపోయాయి. పైన నర్సరీలో కొన్న ఎరువు నింపారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. ముక్కు మూసుకోవాల్సింది నేను! నాకు ముక్కు గీయడం మరిచారు కాబట్టి సరిపోయింది.

పొద్దున్నే సువార్త వచ్చి మూత తీసింది. చేత్తో కెలికింది. అంచుకు అంటుకుని చచ్చిన వానపాము ఒకటి వేళ్లకు తగిలింది. అరిచేలోపే మేడమ్ భుజం పట్టుకుంది.

“ఏడవకు. కమిటీ సార్ అడిగితే అంతా బాగుందని చెప్పాలి, సరేనా? బడి పరువు నీ చేతిలో ఉంది.”

కమిటీ సారు వంగి వాసన చూశాడు. “భలే! ఫినాయిల్ వాసన తప్ప ఇంకేం లేదు. ఎంత శుభ్రం! వానపాములేవి పాపా?”

సువార్త మేడమ్ వంక చూసింది. అబద్ధం చెప్పకమ్మా అని నాకు అరవాలనిపించింది. గీసిన మూతితో ఏం అరుస్తాను?

“లోపల పని చేసుకుంటున్నాయి సార్,” అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. బహుమతి వచ్చింది. మేడమ్ ఆ పిల్ల చేతిలో చాక్లెట్టు పెట్టి బుగ్గ గిల్లింది.

ఇప్పుడు నేను ఆఫీసు వరండాలో ఉన్నాను. పోటీ రోజున కట్టిన ప్లాస్టిక్ ఫ్లెక్సీలను చుట్టలు చుట్టి నాలో కుక్కారు. నిన్న అన్నాల బెల్లు కొట్టాక సువార్త అరటితొక్కతో పాత అలవాటుగా నా వైపు వచ్చింది. నా పొట్టమీది అక్షరాలను ఒకసారి చూసింది. తర్వాత ప్రహరీ దగ్గరికి నడిచి, తొక్కను గోడమీదుగా వీధిలోకి విసిరేసింది. అవతల ఎవరో తిట్టారు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు.