దసరా నాడు తుపాకుల బీరువా

దసరా నాడు పనిముట్టు ముట్టకూడదన్నది మా నాయన నియమం. ఆయన వడ్రంగి. ముందురోజు సాయంత్రమే బాడిశె, ఉలి, రంపం కడిగి, బొట్లు పెట్టి దేవుడి ముందు ఉంచేవాడు. మర్నాడంతా వాటికి విశ్రాంతి. నేను బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్ళయింది, ఇక్కడా అదే పాటిస్తున్నాను. ఆ రోజుకు ఎవరితోనో ఒకరితో డ్యూటీ మార్చుకుంటాను. ఈసారి కూడా మార్చుకున్నాను. మా సూపర్‌వైజర్ లోవరాజు పొద్దున్నే క్యాంపు గదికి వచ్చి ఆ మార్పు చెల్లదన్నాడు.

మంచం పక్కన స్టూలు మీద నా డ్రిల్లు, స్క్రూడ్రైవర్లు, సుత్తి ఉన్నాయి. అన్నింటికీ పసుపు, కుంకుమ. అగరొత్తి ఇంకా వెలుగుతోంది.

"ఏంటి దేవన్నా, డ్రిల్లుకి పెళ్ళి చేస్తున్నావా?" అన్నాడు లోవరాజు. ఆయనది తుని వైపు. "బుసైతీన్‌లో అబూ రాషిద్ గారి బీరువా పని ఇవాళే అవ్వాలంట. సాయంత్రం చుట్టాలొస్తారంట. సంచి సర్దు."

అబూ రాషిద్ దగ్గర తాతల నాటి వేట తుపాకులు మూడున్నాయి, లైసెన్సుతో. అవి దాచే ఇనుప బీరువా లోపల చీకటి. అందుకని లైట్లు పెట్టమన్నాడు. తూటాల డబ్బాలకు చోటు, తలుపు వెనక సంచులు, కొక్కేలు కావాలన్నాడు. మొన్న వెళ్ళి చూసి వచ్చాం. వెనక రంధ్రం వేసి కరెంటు వైరు లాగమన్నాడు లోవరాజు. అది నిప్పుకు తట్టుకునే బీరువా, రంధ్రం పడితే ఇక తట్టుకోదు, అయస్కాంతంతో అతుక్కునే బ్యాటరీ లైట్లు చాలు అన్నాను నేను. "నువ్వు ఇంజనీరువా?" అని నవ్వాడు.

"ఇయ్యాల ఇవి కదలయి సార్. రేపు పొద్దుగాల్నే వస్త."

"మా ఊళ్ళోనూ ఉందయ్యా దసరా. కంపెనీకి లేదు. నీ వీసా రెన్యువల్ కాయితం నా బ్యాగులోనే ఉంది. ఇవాళ పని అవ్వకపోతే సంతకం పెట్టను. నెలాఖరుకి ఇంటికెళ్ళిపోయి రోజూ చేసుకో పూజ."

పక్క మంచం మీది భూమేష్ నా వైపు చూశాడు. ఊళ్ళో నా భార్య కళ, పిల్లలిద్దరూ ఆ కాయితం మీదే బతుకుతున్నారు. భయం వేసింది. అయినా చెయ్యి స్టూలు వైపు పోలేదు.

"నేనొస్త. అవి రావు."

"ఉత్త చేతులతో వచ్చి ఏం చేస్తావ్, బీరువాకి దండం పెడతావా?"

"దుకాణం కాడ బండి ఆపు. చూపిస్త."

ముహర్రఖ్‌లో అయస్కాంతం లైట్లు, కొక్కేలు, మిగతావన్నీ దొరికాయి. చేతులు మాత్రం పనిముట్లు కావా అని బండిలో నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. దసరా నాడు మా నాయన అన్నం కలిపి మాకు ముద్దలు పెట్టేవాడు. చేతులకు ఆయన సెలవివ్వలేదు. అంతవరకు సరిపెట్టుకున్నాను.

అబూ రాషిద్ తుపాకులను ముందే తీసి, తివాచీ మీద పెట్టి గుడ్డ కప్పాడు. లైటు పట్టీలు ఇనుముకు టక్కున అతుక్కున్నాయి. కొక్కేలూ అంతే. తలుపు సంచులను వాటికి తగిలించాను. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా తేమ పీల్చే డబ్బా ఒకటి మూలన పెట్టాను.

మా దిక్కు ఈ రోజు జమ్మి ఆకు పంచుకుంటాం. పూర్వం ఆయుధాలను ఆ చెట్టు మీద మూటగట్టి, ఎవరి కంటా పడకుండా దాచారట. ఈయన చుట్టాలకు కనబడేలా లైటు పెట్టమంటున్నాడు. ఏది సరైందో నాకు తెలియదు. తాళం మాత్రం గట్టిదే.

పాత అర ఒక్కటి మొండికేసింది. నాలుగు స్క్రూలు విప్పి దాన్ని కిందికి దించితే గాని డబ్బాలు పట్టవు. లోవరాజు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి నా ముఖం ముందు ఆడించాడు.

"ఇది నాది. దీనికి బొట్టు లేదు. పట్టు."

"నీదైతే నువ్వే తిప్పు సార్."

"ఏంటీ?"

"నేను అర పట్టుకుంట. నువ్వు ఇప్పు."

అబూ రాషిద్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. లోవరాజు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మూడో స్క్రూకే చొక్కా తడిసిపోయింది.

"ఎడమకు తిప్పాలె సార్."

"తెలుసు, నోరుముయ్!"

అర దిగింది. అబూ రాషిద్ తలుపు మూసి మళ్ళీ తెరిచాడు. లైటు దానంతటదే వెలిగింది. ఆయన బీరువా వెనక గోడంతా చేత్తో తడిమి, రంధ్రం వేయలేదా అని హిందీలో అడిగాడు.

"నేనే వద్దన్నాను సార్" అన్నాడు లోవరాజు.

"వేయమన్నది ఆయన. వద్దన్నది నేను" అన్నాను, అదే హిందీలో, గట్టిగా.

అబూ రాషిద్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నీ సామాన్ ఏది?"

"ఈరోజు వాటికి పండుగ, బాబా."

ఆయన పెద్దగా నవ్వాడు. "వచ్చే నెల నా డేగల గదిలో పనుంది. దానికీ ఇతన్నే పంపు" అని లోవరాజుతో అన్నాడు. "సామాన్‌తో."

తిరుగుదారిలో బండి లోవరాజే నడిపాడు. అరాద్ దగ్గర సిగ్నల్ పడితే బ్యాగులోంచి నా కాయితం తీసి, స్టీరింగ్ మీద ఆనించి సంతకం గీకి నా ఒళ్ళో పడేశాడు.

"వచ్చే ఏడు కూడా ఇదే గొడవా?"

"వచ్చే ఏడు నీ స్క్రూడ్రైవర్‌కు గూడ బొట్టు పెడ్త సార్" అన్నాను. "ఇగ నువ్వు గూడ ముట్టరాదు."