చిట్టి నీడ వచ్చేదాకా

పొద్దున్నే కౌన్సెలింగ్ గదిలో కౌన్సిలరు ఎప్పటిలాగే గోడగడియారంలోంచి బ్యాటరీ తీసేసింది. అది టిక్కుటిక్కుమంటుంటే చిట్టికి మాట తోచదు. బల్లమీద బొమ్మల కార్డులు పరిచింది: నవ్వే మొహం, ఏడ్చే మొహం, భయపడే మొహం, అమ్మ ఇల్లు, అక్క ఇల్లు. తలుపు మాత్రం తెరిచే ఉంచింది. చిట్టి నీడ కాస్త ఆలస్యంగా వస్తుంది కదా.

చిట్టికి ముప్పై దాటాయి. ఏ మాటైనా నెమ్మదిగా ఎక్కుతుంది, జవాబు ఇంకా నెమ్మదిగా వస్తుంది. నీడా అంతే. ఆమె ఇప్పుడు చేసింది అది కాసేపాగి చేస్తుంది. బస్సు కండక్టరు కూడా "నీడ ఎక్కిందా అమ్మా?" అని చూసుకుని గాని విజిల్ వేయడు.

ఎవరేమడిగినా చిట్టి "ఆ" అంటుంది. ఆకలేస్తోందా అంటే "ఆ", కడుపు నిండిందా అంటే "ఆ". అలా అంటే అందరూ సంతోషిస్తారని చిన్నప్పుడే కనిపెట్టేసింది. అందుకే కౌన్సిలరు ఆమెను అవునా కాదా అని అడగదు. కార్డులు ముందుపెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంటుంది. కానీ పోయినవారం తొందరపడింది. తల్లికి ఆపరేషన్. ఇంకా ఆలస్యం చేస్తే తన పూచీ లేదన్నాడు డాక్టరు. "అక్కా బావా దగ్గర ఉంటావా చిట్టీ?" అని అడిగేసింది. "ఆ" అంది చిట్టి. చిట్టి ఒప్పుకుందని కౌన్సిలరు తల్లికి చెప్పేసింది. అప్పట్నుంచి కౌన్సిలరుకు అన్నం సయించడం లేదు.

ఇవాళ చిట్టిని ఇంటి దగ్గర ఎక్కించుకుని బావ కారులో తీసుకొచ్చాడు. తల్లి ఆస్పత్రి నుంచి ఆటోలో వచ్చింది, ఒళ్ళో చిట్టి బట్టల సంచి. చిట్టికి ఇటునుంచి ఇటే అక్క ఇంటికి ప్రయాణం.

"ఇంక బయల్దేరతాం మేడం," అన్నాడు బావ, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. "మా చిట్టి బంగారం. ఒక్క మాట ఎదురు చెప్పదు. ఏమ్మా?"

"ఆ," అంది చిట్టి.

"నీడ ఇంకా రాలేదు బాబూ," అంది తల్లి.

"అదే వస్తుందిలెండి అత్తయ్యా, దారి తెలీదా దానికి?"

"నీడ లేకుండా పిల్లను ఎలా పంపుతాను? కూర్చో."

కూర్చున్నారు. నీడకు ఇంతసేపు ఎప్పుడూ పట్టలేదు. చిట్టి చెయ్యి కార్డుల వైపు కొంచెం కదిలి, బావను చూసి ఆగిపోయింది.

అప్పుడొచ్చింది నీడ. కారు సీట్లో కూర్చున్నట్టు ముడుచుకుని, గోడవెంట జరుగుతూ వచ్చింది. చిట్టి దగ్గరికి చేరకముందే ఉలిక్కిపడి తలకు చేతులు అడ్డం పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. తర్వాత రెండు చేతులతో తన నోరు తనే మూసుకుంది.

పొద్దున కారులో చిట్టి పక్కన ఎవరున్నారో తల్లికి ఒకరు చెప్పక్కర్లేదు.

కౌన్సిలరు లేచి బావకూ చిట్టికీ మధ్య నిలబడింది. "తప్పు నాది చిట్టీ, సరిగ్గా అడగలేదు. ఇప్పుడు చూపించు. తొందరేం లేదు."

చాలాసేపటికి చిట్టి భయపడే మొహం తీసి, అక్క ఇంటి మీద పెట్టింది.

తల్లి కడుపు పట్టుకుని లేచింది. "నువ్వు వెళ్ళు బాబూ. నా ఆపరేషన్ సంగతి తర్వాత."

బావ మొహంలో ఇంకా నవ్వు పోలేదు. తాళంచెవి తీసుకుని గుమ్మం దాటబోతుంటే తల్లి మళ్ళీ పిలిచింది. పెద్దకూతురి నీడ అందరి నీడల్లాగే కాళ్ళకింద అణిగి ఉంటుంది, ఇన్నేళ్ళలో ఏమీ చెప్పలేదు.

"సాయంత్రంలోగా పెద్దదాన్ని ఇంటికి పంపు. పంపకపోతే నేనే వస్తాను."