పదేళ్లుగా రాని మనిషి

అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. తప్పులు దొర్లితే మన్నించండి. ఈ నాలుగు ముక్కలకే నెల పట్టింది. ఇది మావారి సంగతి. నా సంగతి కూడా.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఆయన ఎడమచేత్తో మెడ రుద్దుకుంటూ కంప్యూటరు ముందు నిలబడే ఉన్నారు. ఆసుపత్రిలో రోగుల వివరాలుండే డేటాబేసు చూసుకోవడం ఆయన పని. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు ఆలస్యంగా వెళ్లింది లేదు, ఒక్కరూ ఆయన పేరు అడిగిందీ లేదు, అందరికీ కంప్యూటరాయన. ఆ ఉదయం కొత్త రోగిని చేర్చబోతే, ఈ నంబరు ముందే ఉందంటూ తెర మొరాయించింది. కౌంటరు దగ్గర వరస మెట్లదాకా పెరిగింది. కారణం ఆయనకు త్వరగానే దొరికింది. నంబరుకు ఐదంకెల చోటే ఉంది. అన్నీ తొమ్మిదులయ్యాక లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. ఆ నంబర్లు పాత రోగులవి.

చోటు ఆరంకెలకు పెంచడం సరైన పని. దానికి పూటంతా కౌంటరు మూయాలి. పదేళ్లుగా రాని పాతవాళ్లను తీసి వేరే పట్టికలో పెడితే గంటలో తేలిపోతుంది గాని మనసొప్పడం లేదని, భోజనానికి రాలేనని ఫోన్ చేశారు. కూర చల్లారుతోందని నాకు విసుగు.

"పదేళ్లుగా రానివాళ్లు ఇవాళే ఊడిపడతారా? తీసి పక్కన పెట్టి రండి."

ఆయన అలాగే చేశారు. ఇంటికొచ్చి తిని, కూర బాగుందన్నారు.

మూడింటికి ఒక ముసలామె పాత కార్డుతో ఆసుపత్రికి వచ్చింది. దాని మీద నంబరు పన్నెండు. అక్కడ ఎవర్నీ పేరుతో పిలవరు, నంబరుతోనే. ఆయన తిరిగెళ్లి పక్కగదిలో వైర్లు సర్దుతూ విన్నారు.

"నేనైతే బతికే ఉన్నా. నా నంబరు బతికుందా, తల్లీ?"

"ఉందిలే పెద్దమ్మా, చెయ్యి చాపు," అంది నర్సు.

తెర మీద పన్నెండు ఉంది. అది మధ్యాహ్నం ఆ నంబరు మీద చేరిన కొత్తామెది. పడని మందులు: లేవు. ముసలామెకు ఆ ఇంజెక్షను పడదన్న మాట, ఆయన తీసి పక్కన పెట్టిన పట్టికలో ఉంది. ఆయన లేచి, ఆగమ్మా అనేసరికి సూది బయటికొచ్చింది. నాలుగింటికల్లా ఆమె పోయింది.

తప్పు తనదేనని ఆయన కాగితం రాసిచ్చారు. నా మాట అందులో లేదు. బతికినన్నాళ్లూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది.

నాకిప్పుడు అరవై ఏడు. చెల్లెలి ఇంట్లో మేడమీది గదిలో ఉంటున్నాను. వీధిలో కళ్లజోడత్త అంటారు. ముసలామె వస్తువుల కోసం ఎవరూ రాకపోతే, బల్లమీద ఉండిపోయిన గొడుగును ఆయనే ఇంటికి తెచ్చారు. నా తలుపు వెనక వేలాడుతోంది. నీలం గొడుగు, ఒక ఊచ వంగి ఉంది.