రావుగారి హాజరు

రత్నాంబ చేసిన పొరపాటు చెప్పుకోడానికి చాలా చిన్నది. ఆన్‌లైన్ క్లాసులో చేరేటప్పుడు మొగుడి ఫోన్లోంచి చేరింది, అంతే. తెర మీద ఆవిడ ముఖం కనపడాల్సిన చోట నల్లటి గడి వచ్చింది, దాని కింద మల్లికార్జునరావు అని ఆయన పేరు పడింది. పేరెలా మార్చాలో ఆవిడకి తెలీదు. అంతమందిలో మైక్ ఆన్ చేసి అడగడానికి మొహమాటం. పోనీలే, పేరులో ఏముంది, పాఠం చెవిన పడితే చాలదా అనుకుని వదిలేసింది.

పైగా ఆ పేరు ఆవిడ పలకదు. ఇంట్లో అయితే 'ఏవండీ', వీధిలో అయితే 'హర్షిణి వాళ్ల నాన్నగారు'. ఆఫీసుల్లో ఎవరైనా భర్త పేరేంటమ్మా అంటే కూతుర్ని ముందుకు తోసేది. మొగుడి పేరు పలికితే ఆయనకి ఆయుక్షీణమని అమ్మమ్మ చెప్పిందట. అదంతా నమ్ముతావా అని హర్షిణి అడిగితే, నమ్మనే అంటుంది. నమ్మదు, పలకదు, ఏం చేస్తాం.

వాళ్లది కొల్లేటి ఒడ్డున ఊరు, రెండు చేపల చెరువులున్నాయి. కోర్సు ఏమో చెరువు నీళ్లని పరీక్ష చేయడం గురించి. చెప్పేది ఏలూరులో ఆనంద్ పాల్ మాష్టారు. రోజూ సాయంత్రం లైవ్ క్లాసు, పక్కనే చాట్. కోర్సులో ముందున్నవాళ్లలో ఒకరికి ఏలూరు ల్యాబులో ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ ఉద్యోగం రత్నాంబకి కావాలి. గాజు గొట్టంలో మందు చుక్క పడగానే నీళ్ల రంగు మారడం ఇంటర్‌లో చూసింది. ఆ వెంటనే పెళ్లి చేశారు. మళ్లీ అది చూడాలని ఆవిడకి ఎంత ఆశో, చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మైక్ ముట్టుకోలేదు గానీ, చాట్‌లో మాత్రం ఆవిడ చెయ్యి ఆగేది కాదు. మధ్యాహ్నం నీళ్లు పచ్చగా నిగనిగలాడుతుంటే, తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయేంటని ఎవరో అడిగారు. ఆ పచ్చనాచు పగలు ఊపిరి ఇస్తుంది, రాత్రి తనూ తీసుకుంటుంది, అందుకే తెల్లవారుజామున చూడాలి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు అప్పుడు తిప్పాలి అని రాసింది. కింద వరసగా దణ్ణాలు. 'బాగా చెప్పారు రావుగారూ', 'రావుగారూ మాకూ ఒక డౌటండీ'. ఇదేదో బాగానే ఉందనుకుంది. రత్నాంబనని రాస్తే 'మీ ఇంట్లో మగాళ్లని అడిగి చెప్పండమ్మా' అనేవాడు ఒక్కడైనా ఉండకపోడు. రావుగారిని ఎవరూ అలా అనరు. ఆ సుఖానికి అలవాటు పడిపోయింది, అదీ నిజమే.

మేత కొట్టు నరసరాజు కూడా ఆ క్లాసులోనే ఉన్నాడు. మల్లికార్జునరావు మేత బస్తాలకి వెళ్తే కుర్చీ వేసి, టీ తెప్పించి, చాట్‌లో మీరు రాసేవన్నీ చదువుతున్నానండీ అన్నాడట. ఈయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కాదనబుద్ధి కాలేదు. ఏదోలెండి, ఈ వయసులో సరదాకి చదువుతున్నాను అనేశాడు. ఇంటికొచ్చి నవ్వుతూ చెబితే రత్నాంబా నవ్వింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అలా తయారైంది వ్యవహారం. ఆ మాట చెరువు గట్లన్నీ పాకి, నలుగురూ ఆయన్ని ఆపి సలహాలడగడం మొదలెట్టాక మాత్రం ఆవిడకి నవ్వు రాలేదు. అన్నం వడ్డిస్తూ గరిటె గట్టిగా పెట్టింది. ఆయన తలెత్తలేదు.

ఆఖరి క్లాసు రోజున ఆనంద్ పాల్ మాష్టారు, ల్యాబు ఉద్యోగానికి మల్లికార్జునరావు గారిని అనుకున్నామండీ, ఓసారి వీడియో, మైక్ ఆన్ చేసి అందరికీ కనపడండి అన్నారు. హాజరు ఎవరి పేరున ఉంటే సర్టిఫికెట్ వాళ్లదేనని, మనిషి రాకపోతే తర్వాతివారికి వెళ్తుందని కూడా చెప్పారు.

మల్లికార్జునరావేమో అప్పటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పక్కన కుర్చీ లాక్కున్నాడు. నేను కనపడతాను, నువ్వు పక్కనుంచి అందించు, సర్టిఫికెట్ మనింటికే కదా వచ్చేది అన్నాడు. ల్యాబుకెవరు వెళ్తారండీ అని రత్నాంబ అడిగితే, అది తర్వాత చూద్దాం అన్నాడు. ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదని ఆవిడకి తెలుసు. ఒళ్లు మండిపోయింది. ఫోను తనవైపు తిప్పుకుని రెండు గుర్తులూ నొక్కింది.

"మల్లికార్జునరావు మా ఆయనండి," అంది. "ఇన్నాళ్లూ క్లాసు విన్నదీ, చాట్‌లో రాసిందీ నేనండి. నా పేరు రత్నాంబ."

చాట్‌లో నరసరాజు రాశాడు. రావుగారు తనే చదువుతున్నానని నాతో స్వయంగా చెప్పారండీ, ఇదేంటో మాకు అర్థం కాలేదు అని. ఆ వెనకే ఇంకో ఇద్దరు, మాతోనూ చెప్పారండీ అన్నారు. మాష్టారు కాసేపు కళ్లజోడు తుడుచుకుని, మల్లికార్జునరావు గారు పక్కనుంటే ఒక్కసారి రమ్మనండమ్మా అన్నారు.

రత్నాంబ ఆయన వైపు చూడలేదు. చూస్తే బతిమాలినట్టుంటుంది. ఫోను మాత్రం కొంచెం జరిపింది.

మల్లికార్జునరావు తెరలోకి వచ్చాడు. ఆయన ముఖం పక్కనే నరసరాజు ముఖం, గట్ల మీద ఆయన్ని సలహాలడిగినవాళ్ల ముఖాలూ. రేపు మేత కొట్టుకి వెళ్లాలి కదా.

"రాజుగారూ, మీతో అబద్ధం చెప్పానండి. నేను ఒక్క పాఠం కూడా వినలేదు," అన్నాడు. తర్వాత మాష్టారితో అన్నాడు. "ఇన్నేళ్ల కాపరంలో ఈవిడ నా పేరు పలకగా నేను వినలేదండి. ఇవాళ పలికింది. ఇంక వేరే రుజువేం కావాలండి?"

మాష్టారు హాజరులో పేరు మారుస్తానని చెప్పి, రత్నాంబగారూ సోమవారం ల్యాబుకి రాగలరా అని అడిగారు. వస్తానండీ అందావిడ. మల్లికార్జునరావు లేచి లోపలికెళ్లి, ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.