కనబడని మిషను

అవనిగడ్డ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నరసింహారావుకు యాభై రెండేళ్లకే చెవులు మందగించాయి. భార్య సీతామహాలక్ష్మితో గుడివాడ వెళ్తే, చెవి మిషన్ల దుకాణంలో అమ్మాయి రెండు రకాలు చూపించింది.

"ఇది చెవి వెనక లావుగా కనబడుతుందండీ. సెల్లు అయిపోతే కొత్తది వేసుకోవడమే. ఈ చిన్నది చెవిలోపలే ఉంటుంది, ఎవరికీ తెలీదు. కాకపోతే రోజూ ఛార్జింగ్ పెట్టాలి, సెల్లు మార్చడానికుండదు."

"లావుదే తీసుకోండి. గాలివానొస్తే మన కరెంటు సంగతి తెలిసిందేగా," అంది సీతామహాలక్ష్మి.

"పిల్లలు చెవిటి మాస్టారంటారు," అని ఆయన కనబడనిదే కొన్నాడు.

నవంబరు తుపానుకు కరెంటు స్తంభాలు కూలాయి. రెండో రోజుకే మిషను మూగబోయింది. మూడో రోజు పొద్దున ఆయన ముందు గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటుండగా, సీతామహాలక్ష్మి పెరట్లో పాచి మీద జారి పడింది. తుంటి విరిగి, లేవలేక, గంటసేపు వానలో పిలుస్తూనే ఉంది. ఆయన దిద్దుతూనే ఉన్నాడు. చివరికి పక్కింటి ఖైరున్ బీ విని పరుగెత్తుకొచ్చింది.

బందరు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఆ వారమే ఆయన గుడివాడ వెళ్లి లావు మిషను కొని, పెట్టుకుని వార్డుకొచ్చాడు. గుమ్మంలోనే నర్సు మాట స్పష్టంగా వినబడింది.

"నొప్పొచ్చినప్పుడు మీవారిని పిలవొచ్చుగా అండీ?"

"ఆయన్ని పిలవడం మానేశానమ్మా," అంది సీతామహాలక్ష్మి.

ఆయన లోపలికి వెళ్లి మంచినీళ్లు అందించాడు. ఆవిడ తాగింది గానీ, ఆయన చెవి వంక చూడనైనా చూడలేదు.