కిటికీలు మూసుకునే కాలం

హామిల్టన్ ఊరి దగ్గర వాళ్ల గొర్రెల ఫారంలో గడ్డి పూతకొచ్చి పుప్పొడి లేచిందంటే నోలీన్ ముక్కు కుళాయే. ప్రతి వసంతంలోనూ మొగుడు క్లారీది అదే మాట: "కిటికీలు మూసుకుని లోపల కూర్చో. గొర్రెపిల్లల పని నేను చూసుకుంటాలే."

ఈ ఏడు చస్తే కూర్చోనని ఆమె పంతం పట్టింది. పూత రాకముందే మందుల షాపు నుంచి ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే తెచ్చుకుంది. వారం తిరక్కుండానే గొంతులో చేదు, ముక్కులో నెత్తురు చార. సీసా పట్టుకెళ్లి షాపులో నిలదీసింది.

"ఎలా కొట్టుకుంటున్నారో చూపించండి," అంది ఫార్మసిస్టు ఇమోజెన్.

నోలీన్ గడ్డం పైకెత్తి, సీసా మూతి లోపలికి దూర్చి, గట్టిగా పీల్చి చూపించింది.

"అది గొర్రెకి నట్టల మందు పట్టే పద్ధతి," అంది ఇమోజెన్. "తల కాస్త ముందుకు వంచండి. మందు ముక్కు నడిమి గోడకి కాదు, ఆ పక్క చెవి వైపు కొట్టాలి. మెల్లగా పీల్చండి. ముందు స్ప్రే ఆపి, ముక్కులో నెత్తురొచ్చిన ఆ పుండు మాననివ్వండి, మళ్లీ నెత్తురొస్తే డాక్టరుకి చూపించండి. మానాక, తుమ్ము వచ్చినా రాకపోయినా రోజూ, పెట్టె మీద రాసినంతే. గుణం కనపడ్డానికి కొన్నాళ్లు పడుతుంది."

నోలీన్ అక్షరాలా అలాగే చేసింది.

పూత విరగబడిన రోజుల్లో ఉత్తరపు గాలి లేచింది. దొడ్డి గేటు దగ్గర ఈసారి క్లారీ తుమ్ముతున్నాడు, ఆగకుండా.

"నీ సీసా ఓసారి ఇటియ్యి."

"ఒకరి ముక్కులో పెట్టుకున్నది ఇంకొకరు పెట్టుకోకూడదు," అంది నోలీన్, గొర్రెపిల్లను చంకన ఇరికించుకుంటూ. "కిటికీలు మూసుకుని లోపల కూర్చో. ఇక్కడి పని నేను చూసుకుంటాలే."